జీనో బాణం, అరిస్టాటిల్ జవాబు: అనంతం, అవిచ్ఛిన్నత, చలనంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంత వేగంగా పరిగెత్తినా అకిలీస్ తనకంటే ముందున్న తాబేలును ఎప్పటికీ పట్టుకోలేడన్న కథ, గ్రీకు తత్త్వవేత్త జీనో పెట్టిన చిక్కు, చాలామంది ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. "కాలిక్యులస్ వచ్చాక ఆ చిక్కు వీడిపోయింది, పాపం గ్రీకులకు లెక్క తెలియలేదు" అనే మాట కూడా దాని వెంటే వినిపిస్తుంది. ఆ మాట సగమే నిజం. మిగతా సగం ఎంత లోతుగా ఉంటుందో చెప్పాలన్నదే నా తాపత్రయం. గీత దేనితో తయారైంది, కాలం దేనితో తయారైంది అన్నది గ్రీకుల అసలు ప్రశ్న. దానికి వాళ్లు ఇచ్చిన జవాబులు ఇప్పటికీ చదవదగ్గవి.

జీనో ఎవరు? చలనమే లేదని ఎందుకు వాదించాడు?

దక్షిణ ఇటలీ తీరంలో గ్రీకులు స్థిరపడిన ఎలియా ఆయన ఊరు. క్రీ.పూ. 490 ప్రాంతంలో పుట్టాడని అంచనా. ఆ ఊరి శిథిలాలను ఇప్పుడు వేలియా అంటారు. ఆయన గురువు పార్మెనిడీస్‌ది కూడా అదే ఊరు. ఉన్నది ఒక్కటే, దానికి పుట్టుక లేదు, చావు లేదు, మార్పు లేదు, కదలిక లేదు అని పార్మెనిడీస్ ఒక పద్యకావ్యంలో వాదించాడు. కళ్లెదుట ఇన్ని వస్తువులు కదులుతుంటే ఈయనేంటి ఇలా అంటాడని జనం వెక్కిరించారు.

జీనో గురువు పక్షాన నిలబడ్డాడు. అయితే గురువు మాట నిజమని నేరుగా రుజువు చేయబోలేదు. "సరే, మీరన్నట్టే వస్తువులు అనేకం ఉన్నాయి, కదులుతున్నాయి అనుకుందాం. అప్పుడేమవుతుందో చూడండి" అంటూ ఎదుటివాళ్ల మాట నుంచే చిక్కులు లాగాడు. తర్కంలో ఈ పద్ధతికి అంత పదును పెట్టినవాడు ఆయనకు ముందు కనిపించడు.

ప్లేటో తన 'పార్మెనిడీస్' సంభాషణలో ఈ ఇద్దరినీ పానథెనియా ఉత్సవాలకు ఏథెన్స్ రప్పిస్తాడు. పార్మెనిడీస్‌కు 65 ఏళ్ల వయసు, జీనోకు 40కి దగ్గర, సోక్రటీస్ ఇంకా కుర్రవాడు. జీనో తన పుస్తకం చదివి వినిపిస్తాడు. అది వయసులో ఉన్నప్పుడు పంతం కొద్దీ రాసిందనీ, బయటపెట్టాలా వద్దా అని ఆలోచించుకునేలోపే ఎవరో కాజేశారనీ చెబుతాడు. ఇదంతా జరిగినట్టే జరిగిందని నమ్మనక్కర్లేదు, ప్లేటో నాటకం కట్టడంలో దిట్ట. జీనో ఉద్దేశం ఏమిటన్నది మాత్రం అక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

ఆ పుస్తకం ఇప్పుడు దొరుకుతుందా?

దొరకదు. అందులో 40 వాదనలుండేవని క్రీ.శ. 5వ శతాబ్దపు తత్త్వవేత్త ప్రోక్లస్ అంటాడు. జీనో సొంత మాటల్లో మిగిలినవి కొన్ని వాక్యాలే. వాటిని దక్కించినవాడు సింప్లీషియస్, జీనోకు దాదాపు వెయ్యేళ్ల తర్వాత, క్రీ.శ. 6వ శతాబ్దంలో అరిస్టాటిల్ 'ఫిజిక్స్'కు వ్యాఖ్యానం రాసినాయన. పాత గ్రంథాలు అరుదైపోతున్నాయని ఆయనకు తెలుసు. పార్మెనిడీస్ పద్యాలను అంత పొడుగ్గా ఎత్తి రాయడానికి అదే కారణమని చెప్పుకున్నాడు కూడా. ఆయన ఆ శ్రమ పడకపోతే సోక్రటీస్‌కు ముందున్న తత్త్వవేత్తల మాటలు మనకు చాలా తక్కువగా మిగిలేవి.

చలనం గురించిన నాలుగు వాదనలు మాత్రం అరిస్టాటిల్ చెబితేనే మనకు తెలుస్తున్నాయి, 'ఫిజిక్స్' 6వ పుస్తకం 9వ అధ్యాయంలో. అంటే జీనో వాదాన్ని మనం వింటున్నది ఆయన ప్రత్యర్థి నోటి నుంచి. ఈ సంగతి మరిచిపోకూడదు.

అకిలీస్ తాబేలును ఎందుకు పట్టుకోలేడు?

లెక్క వేసి చూద్దాం. అకిలీస్ సెకనుకు 10 మీటర్లు పరిగెడతాడు, తాబేలు సెకనుకు 1 మీటరు. (తాబేలుకు ఇది మరీ ఎక్కువే, లెక్క సులువు కోసం పెట్టుకున్నాను.) తాబేలు 100 మీటర్లు ముందుంది. అకిలీస్ ఆ 100 మీటర్లు దాటేసరికి అది ఇంకో 10 మీటర్లు వెళ్లింది. ఆ 10 దాటేసరికి 1 మీటరు, అది దాటేసరికి 10 సెంటీమీటర్లు, ఆ తర్వాత 1 సెంటీమీటరు. తాబేలు ఇంతకుముందున్న చోటికి అకిలీస్ ఎప్పుడు చేరినా అది అక్కడ ఉండదు, ఎంతో కొంత ముందుంటుంది. ఇలా చేరాల్సిన చోట్లకు అంతు లేదు. అంతులేని పనులు పూర్తిచేయడం ఎవరి తరం?

అరిస్టాటిల్ రాసిన దాంట్లో తాబేలు లేదు. "అత్యంత నిదానంగా పరిగెత్తేవాడు" అని మాత్రమే ఉంది. తాబేలు తర్వాతి వ్యాఖ్యాతల నోట వచ్చి చేరింది.

ఇదే చిక్కును ఒక్క మనిషితోనూ చెప్పొచ్చు, నాలుగు వాదనల్లో అది ఇంకోటి. గది అవతలి గోడ చేరాలంటే ముందు సగం దూరం దాటాలి, దానికంటే ముందు అందులో సగం, దానికీ ముందు అందులో సగం. నాకు ఇదే ఎక్కువ ఇబ్బంది పెట్టే రూపం. అకిలీస్ కనీసం పరుగు మొదలుపెడతాడు. ఇక్కడ మొదటి అడుగు ఏదో చెప్పడానికే లేదు.

అనంత శ్రేణిని కూడితే జవాబు వచ్చేస్తుంది కదా?

వస్తుంది. 100 + 10 + 1 + 0.1 + ... కూడితే 111 మీటర్లు, ఇంకో మీటరులో తొమ్మిదో వంతు. పట్టే కాలం 11 సెకన్లు, ఇంకో సెకనులో తొమ్మిదో వంతు. ఇంటర్‌లో గుణశ్రేఢి చదివినవాళ్లు ఎవరైనా చేసే లెక్క ఇది. ఫ్రెంచ్ గణితజ్ఞుడు కోషీ 1821లో లిమిట్‌ను (కూడిక ఎంతకు దగ్గరవుతూ పోతుందో ఆ విలువను) గట్టి పునాదుల మీద నిలబెట్టాక ఈ కూడికలో అనుమానానికి తావు లేదు.

అయితే అంతులేని ముక్కలు కలిసి అంతున్న దూరం అవుతాయని అరిస్టాటిల్‌కూ తెలుసు. 6వ పుస్తకం 2వ అధ్యాయంలో ఆయన మొదటి జవాబు దాదాపు ఇదే: దూరాన్ని ఎన్ని ముక్కలు చేస్తే కాలాన్నీ అన్ని ముక్కలు చేయొచ్చు, కాబట్టి అంతులేని ముక్కల దూరం దాటడానికి అంతులేని ముక్కలున్న కాలమే ఉంది. అంతున్న గంటలో అవన్నీ పడతాయి.

నాకు అరిస్టాటిల్ మీద గౌరవం పెరిగింది ఆ తర్వాత ఆయన చేసిన పనికి. 8వ పుస్తకం 8వ అధ్యాయంలో మళ్లీ ఈ సంగతికి వచ్చి, ఆ జవాబు అడిగినవాడి నోరు మూయించడానికి చాలుతుంది గానీ అసలు విషయానికి చాలదు అని తనే ఒప్పుకున్నాడు. కాలం సంగతి పక్కన పెట్టి, అంతులేనన్ని పనులు ఒకదాని తర్వాత ఒకటి పూర్తికావడం ఎలా కుదురుతుంది అని ఎవరైనా అడిగితే? అదే కాలం గురించే అడిగితే? కూడిక మొత్తం ఎంతో చెబుతుంది. ఆఖరిది అంటూ లేని వరస పూర్తయిందంటే అర్థమేమిటో చెప్పదు.

1954లో జేమ్స్ థామ్సన్ అనే తత్త్వవేత్త ఇదే చిక్కును ఒక దీపంతో చూపించాడు. అర నిమిషం వెలిగించి, పావు నిమిషం ఆర్పి, మళ్లీ అందులో సగం సేపు వెలిగించి, ఇలా పోతే నిమిషం నిండాక దీపం వెలుగుతుంటుందా, ఆరి ఉంటుందా? కాలాల మొత్తం కచ్చితంగా ఒక నిమిషం. అయినా ప్రశ్నకు ఆ మొత్తం నుంచి జవాబు రాదు.

మరి అరిస్టాటిల్ రెండో జవాబు ఏమిటి?

గీత మీద మధ్య బిందువులు ముందే కూర్చుని లేవు అన్నదే ఆ జవాబు. మీరు గది ఆగకుండా దాటితే చేసింది ఒక్క నడకే. సగం దగ్గర ఆగినా, అక్కడ గుర్తు పెట్టినా, లెక్కపెట్టినా ఆ బిందువు నిజంగా ఏర్పడుతుంది. అప్పుడు అది ఒక ముక్కకు చివర, ఇంకో ముక్కకు మొదలు. ఆగకుండా వెళ్లేవాడి దారిలో సగాలన్నీ "చేస్తే చేయగలిగినవి", చేసినవి కావు. అంతులేని సగాలు అలా సాధ్యతగా ఉండడం వల్ల నడకకు వచ్చిన ఇబ్బంది లేదు. వాటిని ఒక్కొక్కటిగా నిజం చేస్తూ వెళ్లాలంటే మాత్రం ఎవరూ అవతలికి చేరరు, ఆ మేరకు జీనో చెప్పింది నిజమే.

నా మటుకు నాకు ఇది శ్రేణి కూడడం కంటే లోతైన జవాబు అనిపిస్తుంది. జీనో నడకను ముక్కల కుప్పగా మార్చి మన చేతిలో పెట్టాడు. నడక మొదటి నుంచీ కుప్ప కాదని అరిస్టాటిల్ పట్టుకున్నాడు.

నడిచి చూపిస్తే సరిపోదా?

ఒక తత్త్వవేత్త అలాగే లేచి నడిచి చూపించాడని పాత కథ ఉంది, దాన్ని సినిక్ శాఖకు చెందిన గ్రీకు తత్త్వవేత్త డయోజినీస్‌కు అంటగడతారు. మనం నడుస్తామని జీనోకూ తెలుసు. కళ్లకు కనిపించేదాన్ని బుద్ధికి పొసిగేలా ఎలా చెప్పాలన్నది ప్రశ్న. నడిస్తే ఆ ప్రశ్న అలాగే మిగులుతుంది.

బాణం వాదన దీనికంటే వేరా?

వేరు, ఇంకా గట్టిది కూడా. ఎగిరే బాణాన్ని ఒక్క క్షణంలో చూడండి. సెకను కాదు, సెకనులో లక్షో వంతు కూడా కాదు, నిడివే లేని ఒక్క "ఇప్పుడు". ఆ ఇప్పుడులో బాణం తన పొడవుకు సరిపడే చోటులోనే ఉంది, పిసరంత అటు లేదు, ఇటు లేదు. తన చోటులోనే ఉన్నది నిలిచి ఉన్నట్టు. ప్రతి ఇప్పుడులోనూ అంతే. కాలమంతా ఇప్పుడుల వరసే అయితే బాణం ఎప్పుడు కదిలింది?

అరిస్టాటిల్ ఇక్కడ రెండు మాటలు చెబుతాడు. మొదటిది: కాలం ఇప్పుడులతో తయారైంది కాదు, గీత బిందువులతో తయారు కానట్టే. రెండోది ఇంకా సూక్ష్మం: ఒక్క ఇప్పుడులో వస్తువు కదలదన్నది నిజమే, కానీ నిలిచీ ఉండదు. నిలకడ అంటే కొంతసేపు అదే చోట ఉండడం. "సేపు" లేనిచోట కదలికకూ నిలకడకూ రెంటికీ అర్థం లేదు. జీనో "కదలడం లేదు" నుంచి "నిలిచి ఉంది"కి దూకాడు, ఆ దూకుడు చెల్లదు.

20వ శతాబ్దం మొదట్లో తత్త్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ వేరే దారి తీశాడు. చలనం అంటే వేర్వేరు క్షణాల్లో వేర్వేరు చోట్ల ఉండడమే, అంతకుమించి అందులో ఏమీ లేదన్నాడు. అంటే ప్రతి క్షణంలో బాణం తన చోటులోనే ఉందని జీనోకు వదిలేసి, అయినా అది కదిలిందనడం. గణితానికి ఇది చక్కగా సరిపోతుంది. చలనంలోని "పోతూ ఉండడం" ఇందులో జారిపోయిందేమో అన్న అనుమానం మాత్రం నన్ను వదలదు.

నాలుగోది, స్టేడియం వాదన?

సమానమైన వస్తువుల మూడు వరసలు. ఒకటి నిలిచి ఉంటుంది, మిగతా రెండూ ఒకే వేగంతో ఎదురెదురుగా పోతాయి. కదిలే వరస, నిలిచిన వరసలో ఒక వస్తువును దాటే వ్యవధిలో ఎదురొచ్చే వరసలో రెండింటిని దాటుతుంది. దీని నుంచి సగం కాలం దాని రెట్టింపుకు సమానమని తేల్చాడట. సాపేక్ష వేగం తెలియని పొరపాటు అని అరిస్టాటిల్ కొట్టిపారేశాడు. ఇక ముక్కలు చేయలేని అతిచిన్న కాలం ఉందనేవాళ్ల మీద గురిపెట్టిన వాదన ఇదని కొందరు ఆధునికులు అంటారు. అలా చదివితే దీనికి బలం వస్తుంది, కానీ అరిస్టాటిల్ చెప్పిన రూపంలో అది స్పష్టంగా లేదు.

అవిచ్ఛిన్నం అంటే అరిస్టాటిల్ నిర్వచనం ఏమిటి?

5వ పుస్తకం 3వ అధ్యాయంలో మూడు మెట్లు కట్టాడు. ఒకదాని తర్వాత ఒకటి ఉండి, మధ్యలో అదే రకానిది ఇంకోటి లేకపోతే అవి వరసగా ఉన్నట్టు. ఆ రెండూ తగులుకుని ఉంటే ఆనుకుని ఉన్నట్టు. తగులుకున్న చోట రెండు చివరలూ ఒక్కటైపోతే అవిచ్ఛిన్నం. గోడలో పక్కపక్కన పేర్చిన రెండు ఇటుకలు ఆనుకుని ఉంటాయి, దేని అంచు దానిదే. ఒకే ఇటుకలో ఎడమ సగానికీ కుడి సగానికీ మధ్య హద్దు ఒక్కటే, అది రెంటికీ చెందుతుంది.

ఈ నిర్వచనంతో 6వ పుస్తకం మొదట్లోనే పెద్ద దెబ్బ కొట్టాడు. బిందువుకు భాగాల్లేవు, కాబట్టి దానికి చివర అని వేరే ఉండదు. చివర లేనిది పక్కదాన్ని అంచుతో తాకలేదు. తాకితే మొత్తంగా మొత్తాన్ని తాకాలి, అప్పుడు రెండూ ఒకే చోట పడతాయి, పొడవు రాదు. పోనీ తాకకుండా వరసగా ఉంటాయా అంటే, ఏ రెండు బిందువుల మధ్యనైనా గీత ఉంటుంది, గీతలో మళ్లీ బిందువులు ఉంటాయి. కాబట్టి బిందువు పక్కన బిందువు అనేదే లేదు. గీతను కోస్తే బిందువు వస్తుంది, బిందువులు పేరిస్తే గీత రాదు.

గ్రీకులకు అనంతం అంటే భయమని అంటారు, నిజమేనా?

ఈ మాట అందరికీ అంటగట్టడం అన్యాయం. మిలీటస్ ఊరి అనాక్సిమాండర్ క్రీ.పూ. 6వ శతాబ్దంలోనే అన్నిటికీ మూలం 'అపైరాన్', అంటే హద్దు లేనిది అన్నాడు. చిన్నదానిలో అతిచిన్నది లేదు, దానికంటే చిన్నది ఎప్పుడూ ఉంటుందని అనాక్సగోరస్ రాశాడు. అణువులకూ శూన్యానికీ అంతు లేదని డెమోక్రిటస్ నమ్మాడు. ప్లేటో స్నేహితుడు ఆర్కిటస్ వేసిన ప్రశ్న అయితే ఇప్పటికీ ముద్దొస్తుంది: విశ్వం అంచున నిలబడి చెయ్యో కర్రో బయటికి చాచగలనా, లేనా? చాచగలిగితే అవతల ఏదో ఉన్నట్టే. అక్కడికి వెళ్లి మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతాను.

అరిస్టాటిల్ కూడా అనంతాన్ని తోసిపుచ్చలేదు, దాని ఉనికి ఎలాంటిదో చెప్పాడు. పగలు ఉంది, ఒలింపిక్ ఆటలు ఉన్నాయి అంటాం, అవి మొత్తం ఒకేసారి ఉండవు, ఒకటి పోతూ ఇంకోటి వస్తూ ఉంటాయి. అనంతం ఉండడం ఆ తీరున. బయట ఏమీ మిగలనిది అనంతమని జనం అనుకుంటారు, ఎంత తీసుకున్నా బయట ఎప్పుడూ ఇంకొంత మిగిలేదే అనంతం అని ఆయన తిప్పి చెప్పాడు. గణితజ్ఞులకు కూడా పూర్తయిన అనంతంతో పని లేదనీ, గీతను కావలసినంత పొడిగించగలిగితే చాలుననీ అన్నాడు.

గణితం ఆ మాటకు తగ్గట్టే నడిచింది. ప్రధాన సంఖ్యలు అనంతం అని మనం చెప్పుకునే చోట యూక్లిడ్, మీరు ఎన్ని ప్రధాన సంఖ్యలు ఇచ్చినా వాటిలో లేనిది ఇంకోటి ఉంటుందని మాత్రమే రుజువు చేశాడు.

అణువులు ఉన్నాయంటే జీనో చిక్కు తప్పుతుందా?

తప్పించుకోవాలనే ల్యూసిప్పస్, డెమోక్రిటస్ అటు వెళ్లారని అరిస్టాటిల్ కథనం. ఒక వస్తువును అన్నిచోట్లా కోసేస్తే ఏం మిగులుతుంది? పొడవు లేని బిందువులు మిగిలితే వాటిని కలిపినా పొడవు రాదు. ఏమీ మిగలకపోతే వస్తువు శూన్యం నుంచి వచ్చినట్టు. కాబట్టి కోత ఎక్కడో ఆగాలి, ఆగిన చోట అణువు.

డెమోక్రిటస్ అక్కడితో ఊరుకోలేదు. శంకువును అడుగుకు సమాంతరంగా కోస్తే ఏర్పడే రెండు ముఖాలు సమానమా, కాదా అని అడిగాడు, గ్రీకు రచయిత ప్లూటార్క్ దీన్ని మనకు అందించాడు. సమానం కాకపోతే శంకువు పక్కలు మెట్లు మెట్లుగా ఉండాలి. సమానమైతే అన్ని కోతలూ సమానమై అది స్తూపం (సిలిండర్) అయిపోతుంది. శంకువు ఘనపరిమాణం స్తూపంలో మూడో వంతు అని మొదట చెప్పింది కూడా ఆయనే, రుజువు మాత్రం గణితజ్ఞుడు యూడాక్సస్‌ది అని ఆర్కిమెడిస్ రాశాడు.

రూట్ 2 కథకు దీనితో సంబంధం ఏమిటి?

చతురస్రం భుజం 1 అయితే కర్ణం రూట్ 2. ఆ భుజాన్నీ కర్ణాన్నీ ఒకే కొలబద్దతో, అది ఎంత చిన్నదైనా, పూర్తి సంఖ్యలో కొలవలేం. కొలవగలమంటే ఒకే సంఖ్య సరి, బేసి రెండూ అవుతుందన్న రుజువును అరిస్టాటిల్ ప్రస్తావిస్తాడు. గీతలన్నీ ఒకే పరిమాణం గల అణుగీతలతో తయారై ఉంటే ఆ అణుగీతే అన్నిటికీ కొలబద్ద కావాలి. కాలేదు. అంటే గీతకు అడుగు లేదని రేఖాగణితమే చెబుతోంది. ఈ రుజువు బయటపెట్టినవాణ్ణి సముద్రంలో ముంచేశారన్న కథ చాలా తర్వాతి రాతల్లో కనిపిస్తుంది, దాన్ని చరిత్రగా తీసుకోకండి.

ఆర్కిమెడిస్ అనంతాన్ని ఎలా వాడుకున్నాడు?

అనంతం అన్న మాట ఎత్తకుండా. పరావలయాన్ని (పారాబోలాను) ఒక సరళరేఖ కోసిన ముక్క వైశాల్యం కావాలి. అందులో ఒక త్రిభుజం గీశాడు. రెండు పక్కలా మిగిలిన చోట రెండు త్రిభుజాలు, ఒక్కొక్కటి మొదటిదానిలో ఎనిమిదో వంతు, అంటే రెండూ కలిసి నాలుగో వంతు. ఆ పక్కన మళ్లీ నాలుగు, కలిపితే అంతకుముందువాటిలో నాలుగో వంతు. ఇలా 1, 1/4, 1/16...

మనమైతే చివర మూడు చుక్కలు పెట్టి 4/3 అని రాసేస్తాం. ఆయన చుక్కలు పెట్టలేదు. ఎక్కడ ఆపినా సరే, అప్పటిదాకా వచ్చిన మొత్తానికి ఆఖరి పదంలో మూడో వంతు కలిపితే సరిగ్గా 4/3 వస్తుందని చూపించాడు. మీరే చూడండి: 1 + 1/4 + 1/12 = 4/3. ఇంకో మెట్టు దిగినా 1 + 1/4 + 1/16 + 1/48 = 4/3. ఆ తర్వాత, వైశాల్యం 4/3 కంటే ఎక్కువైతే వైరుధ్యం, తక్కువైతే వైరుధ్యం అని రెండు వైపులా మూసేశాడు. ఈ పద్ధతికి దారి వేసినవాడు యూడాక్సస్. అంతులేని మెట్లు దిగకుండానే కచ్చితమైన జవాబు! ఈ రుజువు ముందు నేను ఎప్పుడు కూర్చున్నా అదే ఆనందం.

అయితే రుజువు రాయడం వేరు, దారి కనుక్కోవడం వేరు. 1906లో డేనిష్ పండితుడు హైబెర్గ్ కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక ప్రార్థనల పుస్తకం పరిశీలించాడు. 10వ శతాబ్దంలో నకలు తీసిన ఆర్కిమెడిస్ రాతల్ని గీకేసి, ఆ తోలు పుటల మీదే 13వ శతాబ్దంలో ప్రార్థనలు రాశారు. అడుగున మసకగా కనిపించిన రాతల్లో 'మెథడ్' అనే లేఖ ఉంది. అందులో ఆర్కిమెడిస్ ఆకారాలను సన్నని గీతలుగా కోసి, త్రాసులో తూచినట్టు తూచి జవాబులు ఊహించాడు, దీన్ని రుజువు అనకూడదనీ హెచ్చరించాడు. ఆ ప్రతి 1998లో న్యూయార్క్ వేలంలో 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ తర్వాత బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియంలో ఏళ్ల తరబడి పరీక్షలు జరిగాయి.

ఇప్పటి గణితం అరిస్టాటిల్‌ను కాదంది కదా?

కాదంది. జర్మన్ గణితజ్ఞుడు డెడెకిండ్ 1872లో సంఖ్యారేఖ మీద ఖాళీలు లేకుండా నిర్వచనం ఇచ్చాడు. ఇంకో గణితజ్ఞుడు కాంటర్ పూర్తయిన అనంతాన్ని ధైర్యంగా పట్టుకుని, గీత మీది బిందువులు 1, 2, 3... అని లెక్కపెట్టడానికి లొంగవని 1874లో చూపించాడు. ఇప్పుడు గీత అంటే బిందువుల సమితే. అయినా బిందువు పక్కన బిందువు లేదన్న అరిస్టాటిల్ మాట ఈ గీతలోనూ చెల్లుతుంది. పొడవు లేని బిందువులకు పొడవు ఎక్కడి నుంచి వచ్చిందన్న జీనో ప్రశ్నకు జవాబు చెప్పడానికి కొలత సిద్ధాంతం, అంటే బిందువుల సమితులకు పొడవు ఎలా కట్టాలో చెప్పే గణితశాఖ, పుట్టాల్సి వచ్చింది.

క్వాంటం ఫిజిక్స్ ఈ చిక్కు తేల్చేసిందా?

లేదు. ప్లాంక్ పొడవు (ఫిజిక్స్ స్థిరాంకాల నుంచి లెక్కకట్టిన అతిసూక్ష్మ దూరం) కంటే చిన్న దూరం లేదని తేలిందని చాలామంది రాస్తుంటారు. ప్రయోగాల్లో అలాంటిదేమీ తేలలేదు. స్థలం ముక్కలుగా ఉందా, అవిచ్ఛిన్నమా అన్నది తెరిచి ఉన్న ప్రశ్నే. జీనో పేరు మాత్రం ఫిజిక్స్‌లో చేరింది. కేరళలో పుట్టిన ఇ.సి.జి. సుదర్శన్, బైద్యనాథ్ మిశ్రా కలిసి 1977లో, ఒక అస్థిర క్వాంటం వ్యవస్థను ఎడతెరిపి లేకుండా గమనిస్తూ ఉంటే దానిలో మార్పు ఆగిపోతుందని చూపించి దానికి జీనో పేరు పెట్టారు. 1990లో అమెరికాలో బెరీలియం అయాన్ల మీద ప్రయోగంలో ఈ ప్రభావం కనిపించింది.

నాగార్జునుడు కూడా చలనం లేదన్నాడు కదా, రెండూ ఒకటేనా?

తెలుగువాళ్లలో ఈ ప్రశ్న రావడం సహజం, నాగార్జునకొండకు ఆయన పేరే ఉంది. 'మూలమధ్యమకకారిక' రెండో ప్రకరణంలో ఆయన వాదన ఇది: పోయిన దారిలో ఇప్పుడు పోవడం లేదు, పోవాల్సిన దారిలో ఇంకా పోవడం లేదు, ఈ రెండూ వదిలేస్తే పోతున్న దారి అని వేరే దొరకదు. వినగానే బాణం గుర్తొస్తుంది. కానీ దూరాన్ని అంతులేకుండా కోయడం ఇక్కడ ప్రధానం కాదు. పోయేవాడు లేకుండా పోవడం లేదు, పోవడం లేకుండా పోయేవాడు లేడు, కాబట్టి రెంటికీ సొంత స్వభావం లేదన్నది ఆయన చేరే చోటు. జీనో తర్కం మార్పులేని ఒకే ఒక్క సత్యానికి కాపలా కాస్తుంది. నాగార్జునుడు అలాంటి సత్యాన్నీ మిగల్చడు. గ్రీకుల నుంచి ఈ వాదన ఇటు వచ్చిందనడానికి ఆధారం కూడా లేదు.

మూలగ్రంథాలు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

'ఫిజిక్స్' మొదటి పేజీ నుంచి పట్టుకోకండి, సగంలో వదిలేస్తారు. 6వ పుస్తకం 9వ అధ్యాయంతో మొదలుపెట్టండి, చాలా చిన్నది. తర్వాత అదే పుస్తకంలో 1, 2 అధ్యాయాలు, ఆపైన 8వ పుస్తకం 8వ అధ్యాయం. అనంతం మీద ఆసక్తి ఉంటే 3వ పుస్తకం 4 నుంచి 8 అధ్యాయాలు. ప్లేటో 'పార్మెనిడీస్' మొదటి కొన్ని పుటలు తేలిక, రెండో సగం చాలా కష్టం. ఆర్కిమెడిస్ పరావలయం రుజువును మాత్రం చదివి ఊరుకోవద్దు, కాగితం మీద బొమ్మ గీసుకుంటూ చేయండి.